నలభై మూడు పిడికిళ్లు

“...మాడు వాసన హంద్రి అవతలికి కొడతాంటే, కుండ పక్కనే నిలబడినదానివి, నీకు తెలీల్యా అంటాండా నేను!”

“కావాలని మాడ్చినానా ఈరక్కా? మంట ఎక్కువైనట్లుండాది.”

“మంట ఎక్కువైతే కండ్లు సూడకపోయినా ముక్కు సెప్తాది గదమ్మే. గరిటె నోట్లో పెట్టకుండా, ఉత్త ఆవిరి సూసి ఉప్పు సాల్లేదని సెప్పేదానివి. ఇయ్యాల యాడికి పాయ నీ ముక్కు?”

ఎండ నడినెత్తికెక్కింది. చర్చి గోడ నీడ గోడ మొదట్లో జానెడు మాత్రమే మిగిలింది. దాని ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడినవాళ్లు గిన్నెలు పట్టుకుని తగాదా వింటున్నారు. నెల రోజులుగా వాళ్ల చెవిన పడేది అంబులెన్స్ కూత ఒక్కటే. అందుకని ఎవరూ మధ్యలోకి వచ్చి ఈరక్కను ఆపలేదు.

“తాగండప్పా, మాడింది కడుపుకు మంచిదంట. టీవీలో సెప్పినారు,” అన్నాడు లేవి. ఆయన చర్చి సంఘపెద్ద, బతుకుతెరువుకు ఆటో తోలుతాడు. ఆటో చక్రాల్లో గాలి దిగిపోయి నెలయింది. అప్పటినుంచి గంజి కుండకు కట్టెలు తెచ్చేదీ, జనాన్ని వరసలో నిలబెట్టేదీ ఆయనే.

“నీ నోట్లో నువ్వు పోసుకో పో. అందరూ పారబోస్తాండారు సూడు. మా ఆయప్ప ఒక్కడే గుటుక్కున తాగి, ఇంగా రోంత తేపో అన్యాడు. ఆయప్పకేం, మన్ను కలిపిచ్చినా శానా బాగుండాది అంటాడు.”

గుండ్రాల్లోవాళ్లు నవ్వారు. కోపం సగం తీరి ఈరక్క కూడా నవ్వింది. రత్నమణి నవ్వలేదు. కుండలోకి వంగి గరిటెతో అడుగు గీకింది. నల్లటి పెచ్చు ఊడి వచ్చింది. అందరికీ వీపు పెట్టి, దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. వేడి తగిలింది. ఆవిరి తడి తగిలింది. అంతకు మించి ఏమీ లేదు.

కర్నూలులో హంద్రి ఒడ్డున, ఒకప్పుడు సున్నం కాల్చిన చోట, రేకులూ పట్టాలూ కప్పిన ఇళ్లు నలభై మూడు ఉన్నాయి. వాటిని సున్నంబట్టీ కొట్టాలంటారు. ఆలూరు వైపు నుంచి, ఇంకా పడమటి ఊళ్ల నుంచి, వాన మొహం చాటేసిన ఏడాదికి రెండేసి మూడేసి కుటుంబాలు వచ్చి చేరగా ఏర్పడిన వీధి అది. మగవాళ్లు హమాలీ పనికీ, మేస్త్రీల కిందికీ పోతారు. ఆడవాళ్లు హాస్టళ్లలో అంట్లు తోముతారు. బండ్లు ఆగిపోయి, హాస్టళ్లు ఖాళీ అయిన వారానికే వీధిలో పొయ్యిలు తగ్గిపోయాయి. ప్రభుత్వం ఉచితంగా బియ్యం ఇచ్చింది, నిజమే. కానీ సగం ఇళ్లవాళ్ల రేషను కార్డులు పుట్టిన ఊళ్లలో ఉన్నాయి. ఊళ్లకు పోయే దారి లేదు.

అప్పుడు రత్నమణి పిడికెడు బియ్యం సంగతి ఎత్తింది.

అది ఆమె తల్లి నేర్పిన పద్ధతి. సంఘంలోని ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు వెనక్కి తీసి, వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వస్తుంది. ఇంట్లో నలుగురికి చాలని రోజున కూడా ఆ పిడికెడు వెనక్కి పోవాల్సిందే. చర్చికి తాళం పడ్డాక, ఈస్టరు కూడా ఆ తాళం ముందే గడిచాక, డబ్బాల్లో బియ్యం ఉండిపోయింది. “ఆ పిడికెడు నాకియ్యండి. ఈడ ఒక కుండ పెడదాం. కార్డున్న ఇల్లు ఇస్తాది, లేని ఇల్లు తాగుతాది,” అంది రత్నమణి. మొదట చర్చి ఇళ్లవాళ్లు ఇచ్చారు. తర్వాత ఈరక్క లాంటి హిందువుల ఇళ్లు, ఆ వెనక చివరి నాలుగు సాయిబుల ఇళ్లు. చివరికి కార్డు లేనివాళ్లు కూడా, ఎవరో దానం చేసిన బియ్యంలోంచే అయినా సరే, పిడికిలి ఖాళీగా చూపలేక ఇవ్వసాగారు.

ఆ ఇవ్వడానికి ఒక తీరుంది. చేటతో పోయకూడదు, గిన్నెతో వంచకూడదు. ఇచ్చేవాళ్లు తమ పిడికిలితోనే తీసుకునేవాళ్ల చేతిలో వేయాలి. రత్నమణి పొద్దున ఏడు గంటలకు సంచి భుజాన వేసుకుని బయల్దేరేది. గడప ముందు నిలబడి ఆ పిడికిలిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని, నోటికి కట్టుకున్న కొంగు తీసి తలమీద కప్పుకుని, రెండు మాటల ప్రార్థన చేసి, బియ్యాన్ని సంచిలోకి జార్చి పక్కింటికి పోయేది. హిందువులైనా సాయిబులైనా ఆ రెండు మాటలకు అడ్డు చెప్పలేదు. రోజంతా ఎవరూ ఎవరినీ తాకని ఆ రోజుల్లో, పొద్దున్నే ఒక మనిషి వచ్చి చేయి పట్టుకుని పేరు పెట్టి పలకడం వాళ్లకు గంజి కంటే ముఖ్యమైపోయిందేమో. కొందరు ముసలివాళ్లు ఆరున్నరకే పిడికిలి బిగించుకుని గడపలో కూర్చునేవాళ్లు.

ఆ మధ్యాహ్నం అంట్లు తోమి ఇంటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, రత్నమణి తన ముక్కును పరీక్ష చేసుకుంది. వెల్లుల్లి పాయ నలిపి చూసింది. కిరసనాయిలు సీసా మూత తీసి చూసింది. గూట్లోంచి జిందా తిలిస్మాత్ సీసా తీసి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని మొహానికి ఆనించుకుంది. కళ్లు మండి నీళ్లు కారాయి. వాసన మాత్రం రాలేదు.

ముక్కు దిబ్బడ లేదు. జలుబు లేదు. గాలి బాగానే లోపలికి పోయి బయటికి వస్తోంది, గాలిలోంచి ఎవరో ఏదో తీసేసినట్టు.

నాలుగు రోజుల కిందటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. హంద్రిలో పంది చచ్చి ఉబ్బిందని వీధి వీధంతా ముక్కులు మూసుకుంటే, గాలి తన వైపు లేదు కాబోలు అనుకుని ఆమె పని చేసుకుపోయింది.

సాయంత్రం శివజ్యోతి వచ్చింది. ఆమె ఆ వార్డు ఆశా కార్యకర్త. గొడుగూ పుస్తకమూ పట్టుకుని, రోజూ ప్రతి ఇంటి ముందూ నిలబడి అవే ప్రశ్నలు అడుగుతుంది. మాస్కు కట్టి కట్టి ఆమె ముక్కు మీద ఒరుపు పడింది. మొదటి వారంలోనే ఆమె రత్నమణికి కూడా ఒక గుడ్డ మాస్కు ఇచ్చింది. రత్నమణి దాన్ని ఈరక్క మొగుడు కంబన్నకు ఇచ్చేసింది. డెబ్భై ఏళ్ల ముసలాయన, హమాలీ పనిలో మూటలు మోసి మోసి రొమ్ము పట్టేసినవాడు. నాకు కొంగుంది గదా అనుకుంది అప్పుడు.

“జరమొచ్చినాదా అత్తా?”

“లేదు.”

“దగ్గు?”

“లేదు.”

“ఊపిరి ఆడకపోవడం?”

“ఈ ఎండకు ఎవురికి ఆడతాది శివజ్యోతీ?”

“లేదని ఏసుకుంటాండా.” శివజ్యోతి మూడు అడ్డగీతలు గీసి, పోబోయి ఆగింది. “ఇంగొకటుండాదత్తా. ఈ పుస్తకంలో లేదు. నిన్న మీటింగులో డాక్టరమ్మ సెప్పింది. జరం లేకపోయినా, దగ్గు లేకపోయినా కొంతమందికి వాసన పోతాదంట. ముక్కు మంచిగనే ఉంటాదంట, ఉన్నట్లుండి వాసన ఒక్కటే పోతాదంట. అట్లాంటోళ్లతో గూడా పక్కోళ్లకు అంటుకుంటాదంట. నీకు వాసన తెలుస్తాండాది గదా?”

అంతకు కాసేపటి ముందే మున్సిపాలిటీవాళ్లు వీధి పొడుగునా మందు కొట్టిపోయారు. గోడల మొదళ్లలో తెల్లగా తడి ఆరుతోంది. శివజ్యోతి మాటిమాటికీ కళ్లు తుడుచుకుంటోంది. రత్నమణి ఆ తెల్లటి తడి వైపు చూసింది.

“తెలీకేం. బ్లీచింగు గబ్బు కొడతాండాది గదా.”

“గబ్బంటే గబ్బా. పేగులు బయటికొస్తాండాయి,” అంటూ శివజ్యోతి పక్కింటికి పోయింది.

రత్నమణి గడపలోనే నిలబడిపోయింది. ఆ అబద్ధం నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. పోయిన వారం రోడ్డుకు అవతలి సందులో ఒక మనిషికి ఆ జబ్బు ఉందని తేలింది. తెల్లారేసరికి సందు మొదట్లో అడ్డంగా బొంగులు కట్టేశారు. పదకొండు గంటలకు బస్సు వచ్చింది. అందులోంచి దిగినవాళ్లకు మొహాలు లేవు, నెత్తినుంచి కాళ్లదాకా తెల్లటి ప్లాస్టిక్కు. పద్ధెనిమిది మందిని ఎక్కించుకుని ఊరి బయట ఏదో కాలేజీకి తీసుకుపోయారు. పదిహేడుమంది తిరిగి వస్తారని చెబుతున్నారు. ఒక ముసలామె రాదని తెలిసిపోయింది. ఆమెను పూడ్చేటప్పుడు కొడుకును దూరంగా రోడ్డు మీద నిలబెట్టి, అదిగో అని చూపించారట. వాడు చూసింది ఒక మూట. అందులో ఉన్నది మా అమ్మేనా అని వాడు ఇప్పటికీ అడుగుతున్నాడట.

అబద్ధం రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది కర్నూలులో ఎవరికీ తెలియదు.

రత్నమణి పుట్టింది ఆలూరు పక్క పల్లెలో, కూలి చేసుకునే ఇంట్లో. పద్ధెనిమిదో ఏట ఓబన్నను చేసుకుని, పనికోసం వెతుక్కుంటూ కడప జిల్లా మంగంపేటకు పోయింది. అక్కడ నేలలోంచి తెల్లటి ముగ్గురాయి తీస్తారు. ఓబన్న ఆ రాయిని పొడి చేసే ఒక చిన్న మిల్లులో చేరాడు. వాళ్లుండేది తొమ్మిది గదుల వరస ఇల్లు. మొగవాళ్లు సాయంత్రం ఇంటికి వస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. పిల్లలు తండ్రుల్ని చూసి ముసలోళ్లొచ్చినారు అని ఎగతాళి చేసేవాళ్లు.

నాలుగో ఏడు ఓబన్నకు దగ్గు పట్టుకుంది. ఏడాదికొకసారి జీపులో డాక్టరు వచ్చేవాడు. దగ్గేవాళ్లను పేరు రాసుకుని పెద్దాసుపత్రికి పంపేవాడు. ఆసుపత్రికి పోయినవాడికి తిరిగి మిల్లులో పని ఉండదు. అందుకని డాక్టరు వచ్చే రోజు రత్నమణి మిరియాలూ, బెల్లమూ, తుమ్మబంకా వేసి చిక్కగా కషాయం కాచి మొగుడికి తాగించేది. అది తాగితే గంటసేపు దగ్గు రాదు. ఆ గంట చాలు. పక్క గది ఆమె అడిగితే చెప్పింది. ఆ పక్క గది ఆమె అడిగితే ఆమెకూ చెప్పింది. తర్వాతి ఏడాదికి వరస వరసంతా ఆ పొద్దున కషాయం తాగి డాక్టరు ముందు నిలబడింది. డాక్టరు ఒక్క పేరూ రాసుకోకుండా జీపెక్కాడు. ఆ రోజు ఆడవాళ్లంతా రత్నమణిని మెచ్చుకున్నారు. ఒకామె కోడిగుడ్లు తెచ్చిచ్చింది.

ఆరేళ్లు తిరిగేసరికి ఆ తొమ్మిది గదుల్లో ఆరింట్లో మొగవాళ్లు లేరు. ముందు పోయినవాడు ఓబన్న కాదు, ఆ పక్క గదివాడు. ముందుగానే ఆసుపత్రికి పోయి ఉంటే బతికేవాళ్లో లేదో ఆమెకు తెలియదు. ఎవర్నీ అడగలేదు. కర్నూలుకు వచ్చి ఇరవై రెండేళ్లు అంట్లు తోమింది. చర్చి ఊడ్చింది, జబ్బుపడినవాళ్ల ఇళ్లకు పోయి ప్రార్థన చేసింది, పురుళ్లకు తోడు పోయింది. వీధిలో ఆమెను బైబిలమ్మ అని కూడా పిలుస్తారు. ఎవరైనా దగ్గుకు కషాయం అడిగితే మాత్రం, నాకు రాదు అంటుంది.

తెల్లవారి ఏడు గంటలకు ఆమె సంచి తీసుకుంది. అలవాటే కాళ్లను గడప దాటించింది. ఒకరోజు ఆగితే అందరూ ఎందుకని అడుగుతారు. జలుబు చేయబోయే ముందు కూడా ముక్కు ఇలాగే ఉంటుందేమో. ఇవాళా రేపూ చూద్దాం.

మొదటి పిడికెడు తన డబ్బాలోంచే తీసి సంచిలో వేసుకుంది. రెండో ఇల్లు కంబన్నది. ఈరక్క నీళ్లకు పోయినట్టుంది. ముసలాయన గడపకు ఆనించి వేసిన నులకమంచం మీద కూర్చుని, పిడికిలి బిగించి చాచి ఉన్నాడు. ఆమె ఇచ్చిన మాస్కు మెడలో తాయత్తులా వేలాడుతోంది.

“రా సెల్లీ. ఈ పొద్దు నువ్వు తొందరగా వస్తావని తెలుసు.”

“ఎట్ల తెలుసునప్పా?”

“నిన్న ఈరి నీతో కొట్లాడినాదంట గదా. దాన్ని పట్టుకోవద్దు. గంజి మాడిందని వీధంతా ఒకటే గోల. నాకేం తెలీల్యా సెల్లీ. శానా బాగుండె నాకైతే.”

రత్నమణి చేయి అప్పటికే కొంగు మీద ఉంది. నోటి మీదినుంచి తీసి తల మీదికి కప్పబోతోంది.

“ఏం తెలీల్యా?”

“మాడు వాసన. రెండ్రోజులుగా నాకు ఏదీ తెలీడం లేదులే. బీడీ గూడా గడ్డి పీల్చినట్లుండాది.” కంబన్న నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక పిడికిలి ఇంకొంచెం ముందుకు చాచాడు. “కానీ. పార్ధన సేసుకో.”

కొంగు సగంలో ఆగిపోయింది. నోటి మీదా లేదు, తల మీదా లేదు. రత్నమణి తన చేతినీ, అందులో ఉన్న ఆ చీర చెరగునూ ఎవరిదో అన్నట్టు చూసింది.

తల కప్పుకోకుండా ప్రార్థన చేయడం ఆమెకు చేతకాదు. అందుకని ప్రతి గడప ముందూ నోటినుంచి కొంగు తీసింది. వీధిలో ఎవరూ లేనప్పుడు నోరు మూసుకుంది. మనిషి ఎదురుగా నిలబడి, ఆ మనిషి చేయి పట్టుకుని, కళ్లు మూసుకుని మాట్లాడేటప్పుడు మాత్రం, ప్రతిసారీ, తెరిచింది. సొంత ఇల్లు పోను రోజుకు నలభై రెండుసార్లు. కొంగు ఒక్కటే. అది రెండు చోట్ల ఉండదు. ఈ ఒక్క సంగతి ముప్పై రోజుల్లో తనకు గానీ, లేవికి గానీ, రోజూ వచ్చిపోయే శివజ్యోతికి గానీ తట్టలేదు. గుండ్రాలు గీశారు. గిన్నెలు దూరంగా పెట్టించారు. గరిటెకు పొడుగు కర్ర కట్టారు.

ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి వీధి మధ్యలో నిలబడింది. కొంగును నోటి మీదికి తెచ్చి రెండు చుట్లు చుట్టి బిగించుకుంది.

“సెల్లీ, బియ్యం?” అన్నాడు కంబన్న.

“ఉండనీప్పా. లోపలికి పో. ఆ మాస్కు ముక్కుకు కట్టుకో.”

ముసలాయన చేయి అలాగే చాపి ఉంచాడు. వీధి పొడుగునా మిగతా గడపల్లో మనుషులు నిలబడి ఉన్నారు. అందరి కుడిచేతులూ బిగించి ఉన్నాయి.

లేవి చర్చి దగ్గర కట్టెలు చీలుస్తున్నాడు. రత్నమణి ఇరవై అడుగుల అవతలే ఆగిపోవడం చూసి గొడ్డలి దించాడు. ఆమె చెప్పింది. ముక్కు సంగతి, కంబన్న సంగతి, కొంగు సంగతి. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

లేవి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“ఎవురికన్నా సెప్పినావా?”

“నీకే.”

“సెప్పొద్దు. ఇను రత్నమ్మా. నువ్వు రెండు వారాలు ఇంట్లో తలుపేసుకో. ఒళ్లు బాగలేదంటా. కుండ నేను సూసుకుంటా. బియ్యం సేతుల్తో తీసుకోం, వీధి కొసన డబ్బా పెడతా. నువ్వు సెప్పింది మంచి మాట, అది సరిదిద్దుకుందాం. అంతే. దీనికి పుస్తకాలెందుకు?”

“నేను తలుపేసుకుంటా. కంబన్న?”

“ఆయప్ప దగ్గు ఈ పొద్దు పుట్టిందా? నేను ఈ కొట్టాలకు వచ్చినప్పట్నుంచి ఇంటాండా ఆ దగ్గు.”

“వాసన పోయింది రెండ్రోజుల కిందనే లేవన్నా.”

“పోతే పోనీ! బస్సు తెస్తే వాసన వస్తాదా?” లేవి గొంతు పెరిగింది, మళ్లీ తనే తగ్గించాడు. “నువ్వు నోరు తెరిస్తే ఏమయితాదో తెలుసు గదా నీకు. ఈ వీధికి బొంగులు పడతాయి. కుండ బోర్లిస్తారు. కార్డులేని ఇండ్లు ఇరవై ఒకటి. వాళ్లకు బైబిల్లో మాదిరి ఆకాశం నుంచి మన్నా కురుస్తాదనుకుంటాండావా? జబ్బుతో సచ్చేవాడు ఒకడో ఇద్దరో. ఆకలితో ఎంతమందో లెక్కపెట్టుకున్నావా?”

లేవి చెడ్డవాడు కాదు. పిల్లలున్న ఇంటికి తన ఇంట్లోంచి పాలపొడి పంపినవాడు. ఆయన చెప్పినట్టు రెండు వారాలు తలుపు వేసుకోవడం ఎంత తేలిక! మంగంపేటలో డాక్టరు వచ్చిన పొద్దున కూడా ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఒక గంట గడిస్తే చాలని మాత్రమే అనుకున్నారు.

“అందరికీ ఒకేసారి వచ్చేది గాదు,” అన్నాడు లేవి మళ్లీ. “దేవుడు సూసుకుంటాడు.”

“ఆయన పేరు సెప్పే గదా ప్రతి ఇంటి ముందు నేను కొంగు తీసింది,” అంది రత్నమణి.

అప్పటికి ఈరక్క బిందెతో వచ్చి చర్చి గోడ మూల నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. బిందె ఒరిగి చీర కుచ్చిళ్ల మీదుగా నీళ్లు కారుతున్నా ఆమె చూసుకోలేదు.

“అమ్మే,” అంది. నిన్నటి గొంతు కాదది. “నిన్న నేను తిట్టింది మనసులో పెట్టుకున్నావా?”

“లేదక్కా. అది గాదు.”

“గంజి మాడలేదమ్మే. నేనే అబద్ధమాడినా. బాగుండె గంజి. నా ముక్కే సరిగ్గ లేదు. కావాలంటే అందర్నీ పిలిచి సెప్తా, గంజి మంచిగుండెనని.” ఆమె బిందె దించింది. ముందుకు రాబోతే రత్నమణి చేయెత్తి ఆపింది. ఈరక్క ఆ చేతి దగ్గరే, ఎండలో, మట్టిలో కూర్చుండిపోయింది. “ఆయప్పను బస్సెక్కిస్తే నాకు మల్లా మొగం గూడా సూపీయరమ్మే. ఆయప్పకు ఒక్కనికి అన్నం తినేది గూడా తెలీదు, నేను పక్కన కూసోవాల. తొమ్మిదేండ్లప్పుడు ఆయప్ప ఎనక వచ్చినా నేను. ఒక్క దినం ఇడిసి లేను. నీకు దండం పెడతా. నువ్వు ఆ పిల్ల పుస్తకంలో ఆయప్ప పేరు ఏయొద్దు. నీది నువ్వు ఏసుకో, నేనొద్దనను. ఆయప్పది వద్దు.”

లేవి రత్నమణి మొహంలోకి చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

“రెండ్రోజులు సూద్దాం,” అన్నాడు మెల్లగా. “రెండంటే రెండే.”

వీధి మొదట్లో గొడుగు కనిపించింది. పొద్దున పూట శివజ్యోతి ఎన్నడూ రాలేదు. ఆమె వెనక ఎవరూ లేరు గానీ, రోడ్డు మీద ఒక జీపు ఆగి ఉంది, ఇంజను ఆపకుండా. అందులో ఎవరున్నారో అద్దాల మీది ఎండకు కనబడటం లేదు. ఎందుకొచ్చిందో తెలియక గడపల్లోవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక తల్లి పిల్లను లోపలికి లాక్కుంది. ఇంకొకతను తలుపు సగం మూశాడు. పిడికిళ్లు మాత్రం ఇంకా ఎవరూ తెరవలేదు. సగం మూసిన తలుపులోంచి కూడా ఒక బిగించిన చేయి బయటికి కనబడుతోంది.

“అత్తా, తాసిల్దారు ఆఫీసోళ్లు మీ కుండ సంగతి ఇన్నారు,” అంది శివజ్యోతి, వీధిలోకి వస్తూనే. గొంతులో సంతోషం ఉంది. “రేపట్నుంచి రెండు మూటలు బియ్యం ఇస్తారంట. ఈ వీధిలో ఎవురికీ ఏం లేదని నేను సంతకం పెడితే సాలంట. అందుకే పొద్దున్నే వచ్చినా. అంతా బాగుండారు గదా? ఒకసారి అడుక్కుని పోతా.”

రెండు మూటలు. లేవి కళ్లు రత్నమణి కళ్లను వెతికాయి. ఈరక్క మట్టిలోంచి లేవలేదు, చేతులు జోడించే ఉంది. గడపలో కంబన్న మాస్కు కట్టుకున్నాడు. అది ముక్కు కింద ఉంది. పిడికిలి ఒళ్లో పెట్టుకుని, ఏదో శుభవార్త వచ్చినట్టుందని, ఇటు చూస్తున్నాడు. ఆయన మళ్లీ దగ్గాడు. పక్క గడపలో ఎవరో, ఆయనకు తోడు అన్నట్టు, చిన్నగా దగ్గారు. ఆ దగ్గు ఏ ఇంట్లోదో రత్నమణి గుర్తుపట్టింది. వాళ్లింట్లో బాలింత ఉంది.

“శివజ్యోతీ, ఆడ్నే నిలబడు. దగ్గరికి రావద్దు,” అంది.

శివజ్యోతి ఆగింది. నవ్వు కళ్లలోనే ఉండిపోయింది.

రత్నమణి సంచి భుజంనుంచి తీసి నేలమీద పెట్టింది. వీధి పొడుగునా అందరికీ వినబడేటట్టు, ఎప్పుడూ చర్చిలో కూడా ఎత్తనంత గట్టిగా గొంతు ఎత్తింది. నోటి మీది కొంగు తీయలేదు.

“పుస్తకం తెరువు. నిన్న నీకు అబద్ధం సెప్పినా. నాకు వాసన పోయి ఐదు దినాలయింది. ఈ ఇండ్లన్నీ నేను దినామూ సెయ్యి పట్టుకున్న ఇండ్లు. కార్డు లేనివి ఇరవై ఒకటి, అది గూడా ఆ జీపులోవాళ్లకు సెప్పు. ఇప్పుడు వరసగా పేర్లు సెప్తా, రాసుకో. మొదటి ఇల్లు మాది. రెండోది కంబన్నది.”